ముప్ఫై ఒకటో కాగితం

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటా పది. సాయంత్రం అయిదింటికి పోలీసు కంప్లయింట్ పడుతుంది. కిరణ్మయిని కాపాడటానికి నా చేతిలో ఉన్నది నాలుగు గంటలకి పది నిమిషాలు తక్కువ. అందులో మొదటి పది నిమిషాలూ ఆ పిల్ల ఏడవటానికే సరిపోయాయి.

ఏడవనిచ్చాను. పరాయి దేశంలో దొంగ అన్న మాట పడ్డ ఆడపిల్ల ఏడవకపోతేనే నాకు అనుమానం వస్తుంది.

నా పేరు కళావతి. తెనాలి దగ్గర పుట్టి, పాతికేళ్ళుగా ఆస్ట్రేలియాలో, సిడ్నీ శివారు టూంగాబీలో ఉంటూ, ఇక్కడి లైసెన్సుతోనే డిటెక్టివ్ పని చేస్తున్నాను. నాకొచ్చే కేసుల్లో సగం పెళ్ళికొడుకుల వాకబులే. ఇలాంటి కేసు ఏడాదికి ఒకటొస్తే గొప్ప.

కిరణ్మయిది కాకినాడ. వయసు ఇరవై తొమ్మిది. మా పక్కనే పారమట్టాలో థార్న్‌బీ హౌస్ అనే పాత భవంతి ఉంది. ఇప్పుడది మ్యూజియం. అక్కడ పాత కాగితాలు స్కాన్ చేసే ఉద్యోగం ఆమెది. వీసాకి స్పాన్సర్ కూడా ఆ భవంతి ట్రస్టే. ఉద్యోగం పోతే వీసా పోతుంది. దొంగతనం కేసు పడితే మళ్ళీ ఈ దేశం వైపు చూసే దారి కూడా ఉండదు.

పోయింది ఒక్క కాగితం. ఉన్ని వర్తకంలో ఈ ఊరికంతటికీ ధనవంతుడనిపించుకున్న జోసెఫ్ థార్న్‌బీ పిల్లలు, పదకొండేళ్ళ ఆగ్నెస్, తొమ్మిదేళ్ళ ఎడ్విన్, 1867లో కవితలు రాశారు. విడికాగితాల మీద రాసి, ఏడాది చివర బరువైన తోలు అట్టలు వేసి దారంతో కుట్టుకున్నారు. నలభై ఎనిమిది కాగితాలు. ఆ పుస్తకం పోయిన నెలలోనే థార్న్‌బీ కుటుంబం వాళ్ళ పాత ట్రంకుపెట్టెలోంచి మ్యూజియానికి వచ్చింది. చీమల్లాంటి అక్షరాలు కావటంతో పూర్తిగా చదివినవాళ్ళు ఇంకా ఎవరూ లేరు. స్కాన్ చేసి వెబ్‌సైట్లో పెడదామనుకున్నారు. ఈలోగా నలభై ఎనిమిది కాస్తా నలభై ఏడు అయ్యాయి.

మ్యూజియం టీ రూములో కిరణ్మయి ఎదురుగా కూర్చుని నోట్‌బుక్ తెరిచాను.

"మంగళవారం పుస్తకం ఎన్నింటికి తీసుకున్నావమ్మా?"

"పదీ పదికి ఆంటీ. ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ తూకం వేస్తారు. అది ఇక్కడ రూల్. హెలెన్ వేసి ఇచ్చింది. త్రీ ఎయిటీసిక్స్ గ్రామ్స్."

హెలెన్ అంటే మ్యూజియం మేనేజర్.

"తిరిగి ఇచ్చింది?"

"పన్నెండూ నలభైకి. అప్పుడు త్రీ ఎయిటీత్రీ వచ్చింది. హెలెన్ కాగితాలు లెక్కపెట్టింది. ముప్ఫై ఒకటోది లేదు. కుట్టు దగ్గర బ్లేడుతో సన్నగా కోసేశారు."

"మధ్యలో బయటికి వెళ్ళావా?"

"లేదు."

"ఎవరైనా లోపలికొచ్చారా?"

"లేదాంటీ. నేనొక్కదాన్నే."

"కాగితం నువ్వు తీశావా?"

"అమ్మతోడు ఆంటీ, తియ్యలేదు."

ఇన్ని జవాబులూ అడిగిన వెంటనే వచ్చాయి. చివరి ప్రశ్న మామూలుగానే అడిగాను. "ఆ గదిలోంచి ఇంకేదైనా బయటికి తీసుకెళ్ళావా?"

ఆ పిల్ల టీ కప్పు వైపు చూసింది. హ్యాండ్‌బ్యాగు ఒళ్ళోకి లాక్కుంది. మూడు సెకన్ల తర్వాత, "లేదు" అంది.

ఇదొక్కటే అబద్ధం.

అది బయటికి లాగేలోపే తలుపు తోసుకుని భార్గవ్ వచ్చాడు. వరంగల్ కుర్రాడు. మెల్‌బోర్న్ శివారు క్లేటన్‌లో చదువుకుని, సిడ్నీ వచ్చి, మూడేళ్ళు నా దగ్గరే పని నేర్చుకున్నాడు. తర్వాత ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ఇన్వెస్టిగేటరై నాకే పోటీ వచ్చాడు. ఈ పుస్తకం ఇన్సూర్ చేసింది ఆ కంపెనీయే. తెలివైనవాడు. ఆ సంగతి తనకి తెలియటమే అతనితో వచ్చిన చిక్కు.

"ఏమనుకోకుండ్రి మేడమ్, ఇది ఓపెన్ అండ్ షట్ కేసు. మీరు చాయ్ తాగి టూంగాబీ ట్రైన్ ఎక్కుండ్రి. నేను ఫోర్ థర్టీకల్లా రిపోర్ట్ సబ్మిట్ జేసేస్త."

"నాలుగున్నర దాకా టైముందిగా నాయనా. అంత తొందరేంది?"

"ఫుటేజ్ జూసినంక మాట్లాడుండ్రి." లాప్‌టాప్ తెరిచి నా ముందుకి తిప్పాడు.

రీడింగ్ రూమ్ కెమెరా. మంగళవారం, పదకొండూ ఇరవై రెండు. కిరణ్మయి పుస్తకంలోంచి ఒక కాగితం తీసింది. అటూ ఇటూ తిప్పి చూసింది. నాలుగు మడతలు పెట్టి స్వెటర్ జేబులో పెట్టుకుంది.



"గిప్పుడేమంటరు?" అన్నాడు భార్గవ్.

నిజం చెప్పొద్దూ, నేనూ ఒక్క క్షణం అనుమానించాను. మళ్ళీ వేయమన్నాను. రెండోసారి చూశాక కాస్త ఊపిరి వచ్చింది.

"కిరణ్, నూట యాభై ఏళ్ళు దాటిన కాగితాన్ని నాలుగు మడతలు పెడితే ఏమవుతుంది?"

"విరిగిపోతుందాంటీ. అప్పడంలాగా."

"విన్నావా అబ్బాయ్? కాగితాలు కాపాడటమే ఈ పిల్ల ఉద్యోగం. దొంగిలించేదైతే ఫైల్లో పెట్టుకుని పోతుంది కానీ, మడిచి జేబులో కుక్కుకుంటుందా? ఇది ముప్ఫై ఒకటో కాగితం కాదు."

"మరేంది?"

"నేనూ అదే అడుగుతున్నా." కిరణ్మయి వైపు తిరిగాను. "చెప్పమ్మా. కోప్పడను."

 చివరికి హ్యాండ్‌బ్యాగు తెరిచి, దేవుడి బొమ్మ వెనకాల నుంచి చిన్న పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. కుంకుమ పొట్లం.

"ముప్ఫయ్యో కాగితం తర్వాత ఒక తెల్లకాగితం ఉందాంటీ. ఏమీ రాసిలేదు. మధ్యలో అడ్డం పెట్టినది అనుకున్నా. స్కానింగ్‌కి అలాంటివి తీసేస్తాం. మామూలుగా డస్ట్‌బిన్‌లో వేసేస్తాం. కానీ మంచి దళసరి కాగితం... మా అమ్మ చిన్నప్పట్నుంచీ రాయని కాగితం పారేయనిచ్చేది కాదండి. సరస్వతి అనేది. చెయ్యి రాలేదు. జేబులో పెట్టుకున్నా. ఆ సాయంత్రం, ఇక్కడే ఉండిపోవటానికి పెట్టే పీఆర్ అప్లికేషన్ గురించి గుళ్ళో అర్చన చేయించాను. పూజారి గారు కుంకుమ చేతిలో పోస్తే, దీంట్లోనే పొట్లం కట్టేశాను."

"మరి మూడు రోజుల నుంచీ చెప్పవేం?"

"ఆ గదిలోంచి చిత్తుకాగితం కూడా బయటికి తేకూడదని కాంట్రాక్ట్‌లో ఉంది. ఆ ఒక్కదానికే తీసేస్తారని భయమేసింది."

నాకు కోపం వచ్చిందో, జాలేసిందో చెప్పలేను. దొంగ కాదని రుజువు చేసే వస్తువుని దొంగసొత్తులాగా దాచుకుని తిరుగుతోంది! దగ్గరికి తీసుకుని తల నిమిరాను. "పద, తూకం వేద్దాం" అన్నాను.

రీడింగ్ రూములో హెలెన్ మమ్మల్ని చూసి బిగుసుకుపోయింది. అరవై దగ్గర పడ్డ మనిషి, మంచిదే. కిరణ్మయిని చూసినప్పుడల్లా కళ్ళు పక్కకి తిప్పుకుంటోంది. విషయం ఇంగ్లీషులో చెప్పాను. కుంకుమని నా చేతిరుమాల్లోకి జాగ్రత్తగా ఒంపి, కాగితాన్ని దులిపి, హెలెన్ చేతికే ఇచ్చాను.

త్రాసు మీద మూడు అంకె పడింది. సరిగ్గా మూడు గ్రాములు.

"గ్రాములదేమున్నది మేడమ్? గంత సైజుల ఏ కాగితమైనా మూడు గ్రాములే ఉంటది" అన్నాడు భార్గవ్.

మాట కాదనలేం. "సరే, సైజు చూద్దాం. హెలెన్, దీన్ని ముప్ఫయ్యో కాగితం మీద పరవండి."

పిల్లలు కత్తెరతో కోసుకున్న కాగితాలేమో, ప్రతిదానికీ కింది అంచు కొంచెం వంకర. ఆ వంకర ఒక్కోదానికీ ఒక్కో రకం. అయితే ముప్ఫయ్యోదీ ముప్ఫై ఒకటోదీ ఒకే తావుని మడిచి కోసినవని మ్యూజియం జాబితాలో రాసి ఉంది. కిరణ్మయి పొట్లం కాగితం కింది అంచు, ముప్ఫయ్యోదాని వంకరతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది.

"పోయిన కాగితాన్ని కింద పెట్టుకుని, దాని కొలతకే దీన్ని కత్తిరించారు" అన్నాను. "తూకంలో తేడా రాకూడదని దాని చోట్లో దీన్ని పెట్టారు. అసలు కాగితం మంగళవారానికి ముందే పోయింది. మంగళవారం తగ్గిన మూడు గ్రాములూ ఇవే."

భార్గవ్ గడ్డం గోక్కున్నాడు. నా దగ్గరున్నప్పుడు కూడా ఓడిపోయేముందు అంతే చేసేవాడు. చప్పున చెయ్యి చాచాడు. "ఎవిడెన్స్ నాకియ్యుండ్రి. మండే రిపోర్ట్‌ల రాస్త."

"సోమవారానికి ఈ పిల్ల ఎక్కడుంటుందో నీకు తెలుసు."

"ప్రొసీజర్ ప్రొసీజరే మేడమ్. మీరే నేర్పిండ్రు."

"కాగితం హెలెన్ కవర్లో ఉంటుంది. మీద ముగ్గురం సంతకం పెడదాం. అది కూడా నేనే నేర్పాను."

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు కానీ మొహం మాడ్చుకున్నాడు. కవర్లో పెట్టేముందు హెలెన్ ఆ కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. కాగితం లోపల నీడలాగా ఒక లంగరు గుర్తు, దాని కింద 'టి' అక్షరం.

"ఇది ట్రస్ట్ చైర్మన్ ఆఫీసు కాగితం" అంది మెల్లిగా. "గ్రాహమ్ థార్న్‌బీది. ఇంకెవరి దగ్గరా ఉండదు."

"ఆయన ఎప్పుడొచ్చారు?"

రిజిస్టరు తీసింది. పోయిన వారం గురువారం, రెండూ అయిదు నుంచి రెండున్నర దాకా. కెమెరా రికార్డు వారం దాటితే చెరిగిపోతుంది. ఆ కుటుంబం మనిషే కాబట్టి ఒంటరిగా వదిలేసింది. ఇచ్చినప్పుడు 386, తీసుకున్నప్పుడు 386.

"మోటివ్ ఏంది?" భార్గవ్ వదలలేదు. "వాళ్ళింటి పుస్తకమే గదా. ట్రంక్‌లనే ఉంచుకుంటే ఎవరడిగేటోళ్ళు? ఇచ్చుడెందుకు, మళ్ళ కోసుకపోవుడెందుకు?"

"చదవకుండా ఇచ్చాడు. స్కాన్ అవుతుందని తెలిశాక కూర్చుని చదివాడు" అన్నాను. "ఏం చదివాడన్నదే మనకి తెలియాలి."

గడియారం రెండూ అయిదు చూపిస్తోంది. కిరణ్మయి చేత ముప్ఫయ్యో కాగితం, ముప్ఫై రెండోది కంప్యూటర్లో తెరిపించాను. మొదటిది మార్చి మూడు, ఒక కుక్కపిల్ల మీద ఎడ్విన్ రాసిన కవిత. రెండోది మార్చి పంతొమ్మిది, ఆగ్నెస్ వాన మీద రాసింది. రెండింటిలోనూ సిరా వెలిసిపోయి, అక్షరాల అంచులు చెమ్మగిల్లినట్టున్నాయి.

"తడిసిందా?"

"తడిస్తే మరకలు పడతాయాంటీ. ఇది కాగితమంతా ఒకేలా ఉంది. ఇరవయ్యో కాగితం నుంచీ అన్నీ ఇంతే." చెబుతూ చెబుతూ ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. "ప్రెస్! ఆంటీ, ఆఫీసు గదిలో ప్రెస్ ఉంది!"

ఈసారి ఆ పిల్లే ముందు నడిచింది. మేం ముగ్గురం వెనకాల.

జోసెఫ్ థార్న్‌బీ ఆఫీసు గది మెట్ల కింద ఉంది. బల్ల మీద ఇనుప యంత్రం, పైన గుండ్రటి పిడి. జిరాక్సు లేని రోజుల్లో వర్తకులు తాము రాసిన ప్రతి ఉత్తరానికీ నకలు ఉంచుకునేవారట. పల్చటి కాగితాల పుస్తకంలో ఒక కాగితాన్ని తడిపి, దానికి ఉత్తరాన్ని ఆనించి, ఈ యంత్రంలో పెట్టి నొక్కితే సిరా కొంత దానికి అంటుకుంటుంది. అసలుది కాస్త వెలుస్తుంది. నకలు ఆ పల్చటి కాగితంలోంచి అవతలి వైపుకి కనిపిస్తుంది.

"పిల్లలు నాన్న ప్రెస్‌తో ఆడుకున్నారు" అంది కిరణ్మయి. "ఇరవయ్యోదాని నుంచీ రాసిన ప్రతిదీ దీంట్లో పెట్టి నొక్కారు. అందుకే సిరా వెలిసింది."

1867 నకళ్ళ పుస్తకాన్ని హెలెన్ బీరువాలోంచి తీసింది. ముందు పేజీల్లో ఎవరెవరికి ఉత్తరాలు రాశారో పేర్ల పట్టిక ఉంది. పిల్లల కవితలు పట్టికకెక్కవు కదా. ఇన్నేళ్ళూ పట్టికలో పేర్లు చూసి ఉత్తరాలు వెతుక్కున్నవాళ్ళెవరికీ అవి కంటబడలేదు. కానీ పుస్తకంలో అన్నీ తేదీల వరసలోనే ఉన్నాయి. మార్చి మూడుకీ పంతొమ్మిదికీ మధ్య వెతికితే చాలు.

కిరణ్మయి ఒక్కో పేజీ ఊపిరి బిగబట్టి తిప్పింది. లండన్‌కి ఉత్తరం. మెల్‌బోర్న్‌కి ఉత్తరం. మళ్ళీ లండన్‌కి. మార్చి పదకొండున, పెద్దవాళ్ళ గొలుసుకట్టు రాత మధ్యలో గుండ్రటి అక్షరాలు కనిపించాయి.

ఇంగ్లీషులో ప్రాసలు కుదుర్చుకుని రాసింది ఆగ్నెస్. నాకు ఆ ప్రాసలు చేతకావు. అర్థం మాత్రం ఇది:

విల్లీని తెల్లదుప్పటిలో చుట్టారు,
నెల్‌ని మా పాత పరదాలో చుట్టారు.
తోటమాలి గుంట ఒకటే తవ్వాడు.
నాన్న లాంతరు కింద పెట్టి
ఎవరికీ చెప్పొద్దన్నాడు.
చెప్పను. రాస్తాను, అంతే.
నారింజ చెట్టుకి ఏడడుగుల ఇవతల
ఇద్దరూ పడుకున్నారు.
విల్లీకి చీకటంటే భయం.
నెల్ చెయ్యి పట్టుకుంటుందిలే.

  భార్గవ్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"విల్లీ వాళ్ళ చిన్న తమ్ముడు. నాలుగేళ్ళు" అంది హెలెన్. "ఇంగ్లండ్ వెళ్ళే ఓడలో జ్వరంతో పోయాడని చర్చిలో పాలరాతి ఫలకం ఉంది. ఇన్నేళ్ళూ మేమూ సందర్శకులకి అదే చెబుతున్నాం. ఆ మార్చిలో ఓ ఓడ నుంచి ఊళ్ళోకి గొంతు జబ్బు పాకింది. ఇంట్లో జబ్బుందని తెలిస్తే వర్తకుడి గిడ్డంగులు మూయించేవాళ్ళు."

"నెల్ ఎవరు?"

"వంటమనిషి కూతురై ఉండాలి. పనివాళ్ళ జాబితాలో ఒకచోట పేరుంది. తర్వాత లేదు."

"నారింజ చెట్టు?"

"పాత పటంలో గుర్తుంది. కింది తోటలో." హెలెన్ కుర్చీలో కూలబడింది. "కింది తోటని గ్రాహమ్ అపార్ట్‌మెంట్ల వాళ్ళకి అమ్మేశాడు. సోమవారం పొద్దున తవ్వకం మొదలు. అక్కడ సమాధి ఉందని తెలిస్తే పని ఆగిపోతుంది."

భార్గవ్ ఇటు తిరిగాడు. "మోటివ్ దొరికింది మేడమ్" అన్నాడు. గొంతులో గెలుపు ఓటముల లెక్కేమీ లేదు.

అప్పుడే బల్ల మీది ఫోన్ మోగింది. గ్రాహమ్ థార్న్‌బీ. మేం ఏం చేస్తున్నామో ఆయనకెలా తెలిసిందో నాకిప్పటికీ తెలియదు. హెలెన్ స్పీకర్‌లో పెట్టింది. మెత్తటి గొంతు. కోపం లేదు, తొందర లేదు.

"హెలెన్, బాగా ఆలోచించాను. ఒక్క కాగితం కోసం ఒక అమ్మాయి జీవితం పాడుచేయటం న్యాయం కాదు. కంప్లయింట్ ఇవ్వను. ఆమె స్పాన్సర్‌షిప్ కాగితాల మీద ఈ మధ్యాహ్నమే సంతకం పెడతాను. నాన్సెన్స్ అంతా ఇక్కడితో ఆపేద్దాం. అన్నట్టు, ఆ నకళ్ళ పుస్తకాలు మరీ పాడైపోతున్నాయి. బాగుచేయించటానికి నేనే తీసుకెళ్తాను. వ్యాన్ పంపించాను. ఈపాటికి గేటు దగ్గరుంటుంది."

నిజంగానే బయట హారన్ మోగింది.

హెలెన్ నా వైపు చూసింది. నేను కిరణ్మయి వైపు చూశాను. తీసుకోమని చెప్పటానికి నాకు నోరు రాలేదు. వద్దని చెప్పే హక్కు అంతకంటే లేదు. పుస్తకం ఇచ్చేస్తే సాయంత్రానికల్లా వీసా చేతిలో పడుతుంది. నా సొంత కూతురైతే ఏం చెప్పేదాన్నో ఇప్పటికీ తేల్చుకోలేదు.

"కిరణ్మయి అక్కడే ఉందా?" ఫోన్లోంచి అడిగాడు.

"ఉన్నాను సార్." ఇంగ్లీషులోనే, నెమ్మదిగా మాట్లాడింది.  "విల్లీకి చర్చిలో పాలరాయి ఉంది సార్. నెల్‌కి ఈ పేజీ తప్ప ఇంకెక్కడా ఏమీ లేదు. నేను ఇవ్వలేను."

అవతల నిట్టూర్పు వినిపించింది. "అయితే అయిదింటిదాకా ఎందుకు ఆగటం? పోలీసులు ఇప్పుడే వస్తారు. కెమెరాలో కాగితం జేబులో పెట్టుకున్నది నువ్వు, నేను కాదు." ఫోన్ పెట్టేశాడు.

భార్గవ్ కోటు గుండీలు పెట్టుకుని తలుపు వైపు నడిచాడు. "ఈ నకళ్ళ పుస్తకం గూడ మా కంపెనీ ఇన్సూర్డ్ ఐటమే. నా ఇన్‌స్పెక్షన్ అయ్యేదాంక గేటు దాటదని డ్రైవర్‌కి జెప్తా. ఎంతసేపు ఆపగల్గుతనో తెల్వదు. జల్ది కానియ్యుండ్రి."

కిరణ్మయి పుస్తకాన్ని రెండు చేతులా ఎత్తి రీడింగ్ రూముకి తీసుకొచ్చి స్కానర్ కింద పరిచింది. మార్చి పదకొండు పేజీ తెరిచి, అంచులు సరిచేసింది.  తల ఎత్తకుండానే అడిగింది.

"ఆంటీ, పోలీసు స్టేషన్‌కి ఏమేం తీసుకెళ్ళాలి?"

"పాస్‌పోర్టు" అన్నాను. "ఇంకా నన్ను."